బల్లమీది మెరుగు

రేడియో ఉన్న ఇంట రేడియోకు ఒక బల్ల ఉండును. వార్తలు వినుచు కాఫీ త్రాగుటయు, వినికిడిలో పడి వేడి గ్లాసును ఆ బల్లమీదనే దించుటయు మన ఇండ్లలో తరచు జరుగునదే. గ్లాసు తీసి చూచినచో అక్కడ సున్నముతో గీసినట్లు ఒక తెల్లని వలయము కనబడును. తడిగుడ్డతో తుడిచినను అది పోదు. పైగా చుట్టునున్న మెరుగు కూడ మాసిపోవును. ఇల్లాలు గృహస్థు వంక చూచును, గృహస్థు పిల్లల వంక చూచును. పిల్లలకు మాత్రము చూచుటకు ఎవరును మిగులరు.

ఆ వలయమేమి, దాని క్రింది మెరుగేమి, అది మన బల్లలమీదికి ఏ దారిని వచ్చినది అనునదే నేటి మా ప్రసంగ విషయము. అయితే చరిత్రకు ముందు మా తప్పు ఒకటి చెప్పుకొనవలసి యున్నది.

మా ఇంట తాతగారి నాటి వ్రాతబల్ల ఒకటి కలదు. గోదావరి తీరపు పల్లెలో ఒక వడ్రంగి దానిని చేతి పనిముట్లతోనే చేసినాడు. రెండు టేకు పలకలను అంచులు కలిపి అతికి పైభాగముగా అమర్చినాడు. అడుగున చేయి పెట్టి తడిమినచో చిత్రిక పట్టిన జాడలు చిన్న అలలవలె వ్రేళ్లకు తగులును; పైన మాత్రము అద్దమువంటి నునుపు. తాతగారు ఆ బల్లమీద గ్రామపు లెక్కలు వ్రాసెడివారు. వారి తరువాత అది మా నాన్నగారికి, పిమ్మట మాకును వచ్చి రేడియో బల్ల అయినది. కాఫీ గ్లాసులు, సిరాబుడ్లు, ఒకనాడు చేజారి పడిన ఇస్త్రీపెట్టె, అన్నియు తమ తమ గుర్తులను దానిపై విడిచినవి.

ఒక సెలవుదినమున మేము ఆ గుర్తుల నన్నిటిని ఒక్కసారిగా వదిలింప నిశ్చయించితిమి. వడ్రంగులు ఉప్పుకాగితమని పిలిచెడి గరుకు కాగితమును దస్తాలుగా తెచ్చి, ముందు పలకతో మొదలు పెట్టితిమి. పైనున్న మురికి పొర పోయినచో క్రింద క్రొత్త కఱ్ఱ బయటపడును గదా అని మా ఊహ. సాయంత్రమునకు ముందు పలక పాలిపోయి తెల్లబడినది. భుజములు నొప్పి పుట్టినవి గాని, ఏదో ఘనకార్యము చేసినట్లే యుండెను. వెనుక పలకను మరునాటికి విడిచితిమి.

మరునాడు పాలిషు పెట్టుటకు పిలిపించిన ముదుసలి మేస్త్రీ వచ్చినాడు. బల్లను చూచి, "ఎవరండీ బాబుగారూ, దీన్ని గోకింది?" అని అడిగినాడు. మేమే యంటిమి. ఆయన మారు పలుకక కిటికీ తలుపు ఒకటి మూసి, రెండవదానిని ఓరగా తెరచి, వెనుక పలక దగ్గర తల వంచి చూడుమన్నాడు. ఏటవాలుగా పడిన వెలుతురులో ఆ మెరుగు పొరమీద సన్నని పల్లపు గీతలు తోచినవి. అవి అంకెలు! నేడు లెక్కలలో వాడుకలేని తెలుగు అంకెలు, వరుసలు వరుసలుగా. తాతగారు కాగితము క్రింద అట్ట పెట్టుకొనక, ఉక్కు పాళీతో నొక్కి వ్రాసిన లెక్కలు కాగితము దాటి మెరుగు పొరపై అచ్చుపడినవి. ఆయన కూర్చున్న వైపు ముందు పలక. అక్కడ ఇంకెన్ని వరుసలుండెనో, అవన్నియు నిన్నటి గోధుమరంగు పొడిలో కలిసి చీపురుకట్టతో బయటికి పోయినవి.

"ఇది మురికి కాదండీ బాబూ, లక్క" అన్నాడు మేస్త్రీ.

ఆ ఒక్క మాటను పట్టుకొని తరువాత మేము చదివినదియు, అడిగి తెలిసికొన్నదియు ఇక చెప్పుదుము.

లక్క చెట్టున కాచునది కాదు. తుమ్మజిగురువలె మ్రానునుండి కారునదియు కాదు. కంటికి ఆననంతటి ఎర్రని పురుగులు గుంపులు గుంపులుగా మోదుగ, రేగు మొదలగు చెట్ల లేతకొమ్మలమీదికి ప్రాకి, ముక్కు దిగేసి రసము పీల్చుచు, తమ చుట్టును తామే ఒక గుల్ల కట్టుకొనును. ఉత్తరదేశమున కుసుము అనెడి చెట్టుమీది లక్కను మేలైనదిగా ఎంచుదురు. ఆడుపురుగు ఒకసారి కుదురుకొన్న చోటు విడిచి మరల కదలదు. ప్రక్కప్రక్కనున్న గుల్లలన్నియు కలిసి కొమ్మను కప్పివేయు పెంకుగా నగును. ఆ పెంకులో రెండు సరకులు కలవు: పురుగు దేహములోని ఎర్రని రంగు ఒకటి, గుల్లలోని జిగురు మరియొకటి. స్త్రీల పాదములకు దిద్దెడి లత్తుక మొదటిది. హైదరాబాదు లాడ్ బజారులోని లక్కగాజులకు ఆధారము రెండవది.

మనవారికి దీనితో పరిచయము నేటిది కాదు. అథర్వవేదమున లాక్షను గూర్చిన సూక్తమొకటి కలదు. అందు అది గాయములను మాన్పు ఓషధిగా స్తుతింపబడినది. భారతమున వారణావతమందు పురోచనుడు కట్టించిన లక్క ఇంటిని ఎరుగని తెలుగువారుండరు. లక్క వేడికి తేలికగా కరుగుననియు, నిప్పంటుకొన్నచో మండిపోవుననియు ఆ కథ చెప్పినవారికి బాగుగా తెలియును. బల్లమీది తెల్ల వలయమునకును, దుర్యోధనుని దురాలోచనకును మూలము ఒక్కటే యనినచో పరిహాసముగా తోచవచ్చును గాని, వేడికి తాళలేని లక్క స్వభావమే రెంటికిని కారణము.

ఆ లోపమునే నేర్పుగా మలచుకొన్నవారు తరిమెన పనివారు. తరిమెనమీద కఱ్ఱను గిరగిర త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఒత్తి పట్టినచో, రాపిడివలన పుట్టిన వేడికే లక్క కరిగి కఱ్ఱ చుట్టును పరచుకొనును. మన పిల్లల లక్కపిడతలు అట్లు పుట్టినవే. వరాహ నదీతీరమునందలి ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱతో ఈ పని నేటికిని సాగుచున్నది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1583 నుండి 1588 వరకు గోవాలో నివసించిన లిన్షోటెన్ అను డచ్చి యాత్రికుడు 1596లో ప్రకటించిన తన గ్రంథమున ఈ పనిని ముచ్చటపడి వర్ణించినాడు. మంచపు కోళ్లు తరిమెనపై తిరుగుచుండగా వాటికి లక్క అద్దుటయు, అది గాజువలె మెరయుటయు అతనికి అబ్బురముగా తోచినవి. అతనికంటె ముందే, 1563లో గోవాలో అచ్చయిన వైద్యగ్రంథమున గార్సియా ద ఓర్తా లక్కను గూర్చి ఒక సంభాషణమే వ్రాసినాడు.

పరదేశీయులు లక్కను కొన్నారు, వాడినారు, మెచ్చినారు. అది ఎట్లు పుట్టునో మాత్రము చాలకాలము సరిగా తెలిసికొనలేదు. చెట్టుజిగురని కొందరు, చీమలు చేయునని కొందరు తలచినారు. పాట్నాలో నుండిన జేమ్స్ కెర్ 1781లో లండను రాయల్ సొసైటీ పత్రికలో లక్కపురుగును వర్ణించినాడు. తరువాత 1791లో అదే పత్రికలో మరియొక వ్యాసము వచ్చినది. దాని రచయిత విలియం రాక్స్‌బర్గ్. వ్రాసిన చోటు మన సామర్లకోట. ఆ రోజులలో ఆయన అక్కడ కుంపిణీవారి వైద్యుడుగా నుండి, వృక్షశాస్త్రపు తోటను పెంచుచుండెను. కొండలనుండి తెచ్చియిచ్చిన లక్కకొమ్మలను ఆయన జాగ్రత్తగా దాచియుంచగా, రెండు వారముల పిమ్మట ఆ గుల్లల రంధ్రములనుండి లెక్కలేనన్ని సూక్ష్మక్రిములు వెలువడి ప్రాకుట కనబడినది. లక్క పుట్టుక గుట్టు విప్పిన పరిశీలనలలో ఒకటి గోదావరి మండలమున జరిగినదని మనలో ఎందరికి తెలియును? మా తాతగారి బల్లకు ఆ ఊరు ఎంతో దూరము కాదు.

మరియొక తెలుగు పట్టణమునకు కూడ ఈ కథలో చోటు కలదు. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణపు కంసాలులు ఇంగ్లీషువారి కొరకు చేసిన కుర్చీలు, పెట్టెలు, వ్రాతబల్లలు నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున కలవు. ఇరుగుడు, నల్లచేవ, గంధపుచెక్క మొదలగు వాటిపై ఏనుగుదంతపు రేకులను పొదిగి, ఆ దంతముమీద సన్నని ఉలితో పువ్వులు, తీగెలు, భవనములు చెక్కి, చెక్కిన గీతలలో నల్లని లక్కను నింపెడివారు. 1756లో ఆ పట్టణమును చూచిన జాన్ కార్నీల్ అను బ్రిటిషు సైనికోద్యోగి ఈ పొదుగుడు పనిని ప్రత్యేకముగా ప్రశంసించినాడు. ఆ గీతల లోతు గోరుగీత కంటె హెచ్చుకాదు. మావంటివాడొకడు గరుకు కాగితముతో అటువంటి బల్లను ఒక పూట తోమినచో మిగులునది వట్టి తెల్లని దంతము!

ఇక్కడ ఒక చిక్కు కలదు. తరిమెన పద్ధతి గుండ్రని వస్తువులకే చెల్లును. మంచపు కోడు తిరుగును గాని బల్ల తిరుగదు. చదునైన వెడల్పు పలకకు లక్కను పట్టించుట యెట్లు? వేడిచేసి పూసినచో గడ్డలు కట్టును. నీటిలో కరుగదు. నూనెలో కరుగదు. దానిని కరగించునది సారాయి సత్తువ, అనగా స్పిరిటు. ఈ సంగతి గ్రహించిన పాశ్చాత్యులు లక్కను ద్రవముగా మార్చి కుంచెతో పూయసాగినారు. 1688లో ఆక్స్‌ఫర్డులో స్టాకర్, పార్కర్ అను ఇద్దరు అచ్చు వేయించిన గ్రంథమున అటువంటి పూతలు చేయు విధానము వివరముగా నున్నది. అయినను కుంచె పూత బరువైన పని. పూతపై పూత వేసి, ఆరినకొలది నురుగురాతి పొడితో నూరవలెను.

అందుచేత సామాన్యపు బల్లలకు చాలకాలము నూనెయు మైనమే గతి. ఫ్రాన్సు దేశపు వడ్రంగి రూబో 1769 నుండి 1774 వరకు ప్రకటించిన తన మహాగ్రంథమున, తేనెమైనము రాచి గట్టి గడ్డికట్టతో తోమి మెరుగు తెచ్చుటను చెప్పినాడు. ఇంగ్లండున షెరటన్ 1803లో ప్రకటించిన నిఘంటువులో మామూలు పనికి అవిసెనూనెయు, ఇటుకపొడియు చాలుననినాడు. మహాగని కఱ్ఱకు నూనె పట్టించి, మెత్తని ఇటుకపొడి చల్లి, గంటలకొలది రుద్దెడివారు. ఇత్తడి పాత్రలను ఇటుకపొడితో తోమిన మన అమ్మమ్మలకు ఈ మాట వినిన నవ్వు వచ్చును గాని, ఆనాటి బల్లల మెరుగు నిజముగా అట్లే వచ్చినది. ఆ మెరుగు గాజుమెరుగు కాదు. లోనుండి వచ్చు నిదానమైన కాంతి.

ఆ నిదానమును చెరిపినది ఫ్రెంచి పాలిషు. 1815లో నెపోలియను యుద్ధములు ముగిసిన పిమ్మట ఈ విద్య ఫ్రాన్సునుండి ఇంగ్లండునకు ప్రాకి, 1820 తరువాత వేగముగా వ్యాపించినది. ఇందలి యుక్తి చాల చిన్నది. కుంచెను పారవేసి, దూదిని మెత్తని నారబట్టలో చుట్టి పొట్లముగా పట్టుట. ఆ పొట్లము లోపల స్పిరిటులో కరగిన లక్క. పైన అంటుకొనకుండ ఒక్క చుక్క అవిసెనూనె. దానిని బల్లమీద మొదట వలయములుగా, పిదప ఇంగ్లీషు ఎనిమిది అంకెవలె, కడపట నిలువుగా త్రిప్పుచు పోవలెను. ఎక్కడను ఆగరాదు, ఆగిన చోట పొట్లము అతుకుకొని పూత చిరుగును. ఒక్కొక్క రాపిడికి పడునది ఊహకందని పలుచని పొర. పై పొరలోని స్పిరిటు క్రింది పొరను కొంచెము కరగించి తనలో కలుపుకొనును. కనుక నూరు సార్లు తోమినను నూరు పొరలుండవు. అంతయు కలిసి ఒక్కటే పొర. మొదట అద్దిన నురుగురాతి పొడి కఱ్ఱలోని సన్నని రంధ్రములను పూడ్చివేయుటచేత మీద నీరు నిలిచినట్లుండును.

ఈ విద్యకు కావలసిన రెండు సరకులును ఆ శతాబ్దముననే చౌక అయినవి. బ్రిటనులో 1855నుండి త్రాగుటకు పనికిరాకుండ చేసిన స్పిరిటుకు పన్ను తీసివేసినారు. లక్క కథ కొంచెము విచిత్రము. కుంపిణీవారు మొదట లక్కను కొన్నది జిగురుకంటె ఎరుపు రంగు కొరకు. 1856లో పెర్కిన్ కనిపెట్టిన కృత్రిమపు రంగు వెనుక అటువంటివి మరికొన్ని పుట్టి, లక్కరంగు వర్తకమును ఆ శతాబ్దాంతమునకు అణచివేసినవి. రంగు పోయినను జిగురు నిలిచినది. ఒకప్పుడు తోకగా నుండినది తలయైనది.

ఆ జిగురు సిద్ధమగు తీరు చెప్పక విడువరాదు. మీర్జాపూరు ప్రాంతపు బట్టీలలో, కడిగి ఎండబెట్టిన లక్కను పొడుగాటి సన్నని గుడ్డసంచిలో కూరి, ఒక కొనను నిప్పుల పొయ్యి ముందర పట్టి, రెండవ కొనను మెలిపెట్టుదురు. కరగిన లక్క గుడ్డగుండ ఊరి బయటికి వచ్చును. దానిని వేడినీరు నింపిన గుండ్రని పాత్రమీద పలుచగా పరచి, గట్టిపడకముందే పైకెత్తి, పనివాడు నిప్పు సెగకు ఎదురుగా నిలిచి చేతులతో, కాళ్లతో, పండ్లతో పట్టి లాగును. అప్పడమంత ముద్ద దుప్పటియంత రేకగును. చల్లారిన పిమ్మట దానిని ముక్కలు చేసినచో మన దుకాణములలో చపడా యని అమ్మెడి లక్కరేకులు. లండనులోని పియానోలమీది నిగనిగలు ఆ పొయ్యి ముందర చెమటోడ్చినవాని పండ్ల బిగువునుండి పుట్టినవని ఆ పియానోలు వాయించినవారు తలచియుండరు. ఇక్కడినుండి పోయిన లక్క అక్కడ పేరు మార్చుకొని, దొరల బంగళాల ద్వారా మన ఊళ్లకు తిరిగివచ్చి ఫ్రెంచి పాలిషు అయినది. మా మేస్త్రీ కూడ ఆ పేరుతోనే పిలుచును. లక్క తనదని ఆయనకు తెలియును. పేరు మాత్రము పరదేశపుది.

రేడియోవారము గనుక ఒక మాట ప్రక్కకు పోయి చెప్పుట క్షంతవ్యము. బెర్లినర్ చేసిన గ్రామఫోను రికార్డులు 1890లలో గట్టి రబ్బరును విడిచి లక్క మిశ్రమమునకు మారినవి. 1908లో కలకత్తాలో రికార్డుల కర్మాగారము వెలసినది. మన పద్యనాటకములు, కీర్తనలు మొదట నిలిచినది ఈ పురుగు గుల్లలోనే. 1942లో యుద్ధపు కరవుచేత అమెరికా ప్రభుత్వము రికార్డులకు లక్క వాడకమును బాగుగా తగ్గించవలసి వచ్చినది. తరువాత వినైలు వచ్చి లక్కను ఆ పనినుండి తప్పించినది. సూదిమొన గీచిన గీతను చెక్కుచెదరకుండ దాచు గుణమున్నది కనుకనే లక్క పాటను దాచినది. తాతగారి పాళీమొన గీచిన లెక్కలను దాచినదియు ఆ గుణమే.

తిరిగి బల్లలకు వత్తము. ఫ్రెంచి పాలిషు వచ్చిన తరువాత ఇంగ్లండున ఒక గొప్ప అనర్థము జరిగినది. అద్దమువంటి మెరుగు వాడుకలోనికి వచ్చుటతో పూర్వపు నూనెబల్లలు, మైనపుబల్లలు జనులకు మాసినవిగా తోచినవి. విక్టోరియా రాణి కాలమున ఎన్నెన్నో పాత బల్లలను రంపపు రేకులతో గీకి, తెల్లకఱ్ఱ చేసి, క్రొత్త పాలిషు పెట్టినారు. నూరేండ్లు చేతులు సోకి, వెలుతురు సోకి, మైనము ఇంకి ఏర్పడిన రంగు వెండ్రుకమందము లోతున మాత్రమే ఉండును. గీకినచో అది తిరిగి రాదు. నేడు పాత సామానుల యోగ్యతను తెలిసినవారు మొదట చూచునది ఆ పై పొర మిగిలినదా లేదా అనునదే. చెడగొట్టినవారు దుర్మార్గులు కారు; శుభ్రము చేయుచున్నామనియే తలచినారు. మా గరుకు కాగితమును తలచుకొని వారిని మేము నిందింపజాలము.

ఇక మా బల్లకు జరిగిన చికిత్స. ముందు పలక కథ ఎటును అయిపోయినది గనుక మేస్త్రీ దానిని క్రొత్త కఱ్ఱగానే చూచినాడు. విచిత్రమేమనగా, మేము ఏ సిరామరకను పోగొట్టదలచి గోకితిమో ఆ మరక చెక్కుచెదరక నిలిచియుండెను. సిరాలోని ఇనుము కఱ్ఱలోని వగరుతో కలిసి లోనికి దిగి నల్లబడినది. లెక్కలు పోయినవి, మరక మిగిలినది! దానికి ఆయన ఆక్జాలిక్ ఆమ్లపు స్ఫటికములను వేడినీట కలిపి అద్ది, మరక వెలిసిన పిమ్మట మంచినీటితో పలుమార్లు కడిగినాడు. అది విషము, పిల్లలున్న ఇంట దానిని చాల జాగ్రత్తగా ఉంచవలెను.

ఇస్త్రీపెట్టె పడిన చోట ఒక సొట్టయు, ప్రక్కనే ఒక లోతైన గాటును ఉండెను. రెండును ఒక్కటే యనుకొంటిమి. కాదట. సొట్టలో కఱ్ఱ నార నలిగినదే గాని తెగలేదు. తడిగుడ్డ మడిచి పెట్టి, దానిపై కాగిన ఇస్త్రీపెట్టెను ఒక్క క్షణము ఆనించి తీయగా ఆవిరి లోనికి దిగి, అణగిన నార ఉబ్బి తనంత తాను పైకి లేచినది. సొట్ట చేసినదే సొట్ట తీసినది. గాటులో నార తెగినది, తెగినది ఉబ్బదు. దానిలో టేకు రంగునకు సరిపడు లక్కకడ్డీని వేడి కత్తితో కరగించి నింపి, ఆరిన పిమ్మట ఉలితో చదును చేసినాడు. తరువాత దూది పొట్లముతో నాలుగు దినములు, రోజుకు కొంతసేపు. ఎందుకింత నిదానమని అడిగితిమి. "స్పిరిటు పోవాలండీ. తొందరపడితే వారం తిరక్కుండా కుంగిపోద్ది" అన్నాడు.

వెనుక పలకమీది తెల్ల వలయము వేరు రోగము. అది కఱ్ఱను తాకలేదు. వేడికి మెత్తబడిన లక్కలోనికి గ్లాసు అడుగు తడి చొచ్చి, చల్లారగానే అక్కడే చిక్కుపడి వెలుతురును చెదరగొట్టుచున్నది, కావుననే తెలుపు. పొరపైన స్పిరిటు వాసన మాత్రమే సోకునంత పొడిగా నున్న పొట్లమును తేలికగా తాకించి తీసినచో పై పొర రవంత కరగి తడి ఎగిరిపోవును. లక్క తిరిగి కూడుకొనును. మేస్త్రీ ఆ పొట్లమును ముందు తన పెదవికి ఆనించి చూచుకొని, ఈగ వాలి లేచినట్లు వలయముమీద నాలుగైదు సార్లు ఆడించినాడు. మా కన్నులయెదుట ముప్పాతిక వంతు మాయమైనది.

ఇదియే లక్కయొక్క గొప్ప. ఇటీవలి పూతలు దీనికంటె గట్టివి, ఆ మాట ఒప్పుకొనవలెను. 1920లలో వచ్చిన నైట్రోసెల్యులోజు పూతయు, అటుపిమ్మట వచ్చిన పాలీయురెథేనును వేడికి, తడికి లక్కకంటె బాగుగా ఓర్చును. భోజనపు బల్లకు లక్క వేయుమని మేము చెప్పము. అయితే పాలీయురెథేను ఒకసారి గట్టిపడినచో మరల కరుగదు. గాయపడినచో ఆ చోటును మాత్రము అతుకుట కష్టము. తరచు అంతయు గీకవలసి వచ్చును. లక్క ఎన్నియేండ్లకైనను తన స్పిరిటును గుర్తుపట్టును. గాయపడిన వ్రేలెడు మేరకు మందు వేసి తక్కినదానిని ముట్టకుండ విడువవచ్చును.

కాని ముప్పాతిక వంతు దగ్గర మేస్త్రీ చేయి ఆగినది. మిగిలిన వలయము తాతగారి లెక్కలలోని ఒక వరుసమీదుగా పోవుచున్నది. స్పిరిటు తెలుపును కరగించునెడల పాళీగీతను కూడ కరగించును. దానికి ఈ రెంటిలో భేదము లేదు. ఆయన తల ఎత్తి, "ఏం చెయ్యమంటారు బాబూ? మచ్చ పోవాలా, అంకె ఉండాలా?" అని అడిగినాడు.

వెనుక పలకమీద ఒక మూల గోరంత నెలవంక తెల్లగా ఇంకను ఉన్నది. సాయంత్రపు ఎండ కిటికీనుండి ఏటవాలుగా పడిన వేళ దాని నడుమ ఒక తెలుగు ఏడు అంకె కనబడును. రేడియోను మేము ముందు పలకమీదికి జరిపితిమి.